బొట్టు అంటించిన రక్తం

గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసెయ్యాలి అని సిద్దిపేటలో డాక్టరమ్మ చెప్పినప్పుడే నాకు అనుమానం మొదలైంది. ఇంకోచోట స్కానింగ్ తీయించాను. అక్కడా అవే గడ్డలు. రెండు దవాఖానలూ కుమ్మక్కయ్యాయేమో అనుకున్నాను.

నాది ఓ నెగెటివ్. ఆపరేషన్‌లో అవసరం పడితే అప్పటికప్పుడు దొరకడం కష్టమని, నా రక్తం నేనే ముందుగా ఇచ్చి దాచుకోవచ్చని డాక్టరమ్మ అంది.

"మీ రక్తం ఎవ్వలికన్న పడ్తది గనీ, మీకు మాత్రం మీ గ్రూపే పడాలె" అని నవ్వింది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎవరికైనా పడే సరుకును నాకోసం కాపలా కాస్తారా?

"దవాఖానోళ్లను గూడ నమ్మకపోతే ఎట్లనే?" అన్నాడు మా ఆయన.

"నువ్వు అందర్ని నమ్ముతవ్. అందుకే పోయినేడు నకిలీ పత్తి విత్తనాలు తెచ్చినవ్" అన్నాను.

ఆపరేషన్‌కు పదిహేను రోజుల ముందు పోయి రక్తం ఇచ్చాను. తీసిన అమ్మాయి సంచి మీద నా పేరు, నంబరు అంటించింది.

"ఇంకెవ్వలికి ఎక్కియ్యద్దని గూడ రాయి బిడ్డా."

"రాస్తనమ్మా. మీకు అక్కరపడకపోతే పారవోస్తం గనీ వేరేటోళ్లకు ఇయ్యం."

రాసింది. అయినా నా మనసు ఒప్పలేదు. నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి, స్నానాలగది అద్దానికి అంటించినట్టు ఆ సంచికి అంటించాను. అమ్మాయి ముఖం చిట్లించింది కానీ పీకెయ్యలేదు.

ఆపరేషన్ బాగానే అయింది. నా రక్తంతో పనే పడలేదు.

మూడో రోజు పొద్దున పక్క మంచం మీదికి ఒక బాలింతను తెచ్చారు. కాన్పయ్యాక రక్తం ఆగలేదట. తనదీ నా గ్రూపే. కరీంనగర్ నుంచి రక్తం బయలుదేరిందని, ఇంకా రావాల్సి ఉందని చెబుతున్నారు. ఆ బాలింత చిన్నపిల్లే, పెదవులు తెల్లగా పాలిపోయాయి. ఆమె తల్లి పాదాలు రుద్దుతూ కూర్చుంది. నాకు భయమేసి నర్సును పిలిచాను.

"నాదున్నది గదా, గా పిల్లకు ఎక్కియ్యుండ్రి!"

"ఇయ్యరాదమ్మా. మీది మీకోసమని తీస్కున్నరు. వేరేటోళ్లకిచ్చేదైతే పరీక్షలు, పద్ధతి వేరే ఉంటయి."

"మరి గిప్పుడు తియ్యి."

"మొన్ననే ఆపరేషనైంది. మీకెట్ల తీస్తమమ్మా?"

రూలా, సాకా అని అప్పుడు కూడా అనుమానపడ్డాను. నా బుద్ధి అంతే.

మధ్యాహ్నానికి కరీంనగర్ సంచి వచ్చింది. స్టాండుకు వేలాడదీశారు. మంచం మీది నుంచే మెడ చాచి చూశాను. దాని మీద పేరు లేదు, ఉత్త నంబరే.

"ఎవ్వలిదో ఏందో" అన్నాను, నోరు ఊరుకోక.

ఆ తల్లి సంచి మీంచి చూపు తిప్పలేదు. "ఎవ్వలిదో అక్కా. ఆళ్ల కడుపు సల్లగుండ."

సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగింది. నేను గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను.

ఇంటికి పోయేరోజు, నా సంచి చూపించమని పట్టుబట్టాను. రక్తం తీసిన అమ్మాయే తెచ్చింది. బొట్టు అంచు కూడా లేవలేదు.

"చూస్కోండ్రి, ఎవ్వలు ముట్టుకోలే. పారవోస్తున్నం" అంది.

ఎవరైనా దొంగిలించి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.