అవతలి బరువు

ఇరవై ఎనిమిదేళ్లుగా అతని పని ఇనుప పెట్టెల్లో మనుషుల్ని పైకీ కిందికీ పంపడం. లిఫ్టులు బాగుచేసేవాడికి అసలు పేరెందుకని ఎవరనుకున్నారో గానీ, అతను తిరిగే భవనాలన్నిటిలోనూ అతను "బ్రేకు". పెద్దవాళ్లకు ఒరే బ్రేకూ, చిన్నవాళ్లకు బ్రేకు బాబాయ్. ఇంట్లో పెళ్లాం కూడా కోపం వచ్చినప్పుడు అదే పిలుపు వాడుతుంది.

వేళ్ల సందుల్లో ఎప్పుడూ గ్రీజు. మాట నెమ్మది. లిఫ్టు ఎక్కాలంటే వణికిపోయేవాళ్లు ప్రతి భవనంలో ఒకరిద్దరుంటారు. ఒకచోట మూడో అంతస్తు టీచరమ్మ అలాంటిదే. "తాడు తెగితే?" అని తలుపు దగ్గరే ఆగిపోయేది. అతను నూనె డబ్బా కింద పెట్టి ఓపికగా చెప్పేవాడు.

"మీరొక్కరే ఎక్కితే ఈ పెట్టె తేలికమ్మా. గోడ పక్కన, మీకు కనబడకుండా, ఇనుప దిమ్మెల బరువొకటి అదే తాడుకు రెండో కొసన వేలాడుతుంటుంది. అది మీకంటే బరువు. బ్రేకు వదిలేసినా దిగేది అది. మీరు పైకే పోతారు."

"నాకు భయమేస్తుంటే?"

"వెయ్యనివ్వండి. మీరు భయపడ్డారని అవతలి బరువు తగ్గదు."

ఆ మాట అతను వందలమందికి చెప్పాడు. తనకు మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు.

అతని చొక్కా జేబులో పన్నెండేళ్లుగా ఒక పింగాణీ ఫ్యూజు ఉంటుంది. అరచేతిలో పట్టేంత తెల్లటి ముక్క, ఒక మూల విరిగింది. పెళ్లాం బట్టలు నానబెట్టే ముందు జేబులు తడిమి, "అందరి మొగుళ్ల జేబుల్లో చిల్లర దొరుకుతుంది, నా రాతకు ఈ పింగాణీ" అని గొణిగి, కిటికీ గట్టు మీద పెట్టేది. ఉతికిన చొక్కా తొడుక్కోగానే అతను మొదట చేసే పని దాన్ని మళ్లీ జేబులో వేసుకోవడం. ఎడమవైపు, గుండె మీద.

అది తమ్ముడి ఫ్యూజు.

తమ్ముడికి పని నేర్పింది అతనే. నేర్పిన మొదటి పాఠం ఒక్కటే. లిఫ్టు బావి అడుగున గుంతలోకి దిగే ముందు మేడ మీద మెషీన్ రూములో మెయిన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి. బోర్డు తగిలించడం, కేక వేసి చెప్పడం, ఇవేవీ లెక్కలోకి రావు. "ఫ్యూజు నీ జేబులో ఉంటే నీ ప్రాణం నీ జేబులో ఉన్నట్టు. ఇంకొకడి చేతికివ్వకు" అనేవాడు.

తమ్ముడు ఇవ్వలేదు. ఆ రోజు ఒక పెద్ద భవనంలో గుంతలోకి నీరు చేరితే తోడటానికి దిగాడు. ఫ్యూజు జేబులో ఉంది. పైన భవనం యజమాని లిఫ్టు ఎందుకు ఆగిందని సూపర్‌వైజర్ మీద అరుస్తున్నాడు. మెషీన్ రూము తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఒకటి గుంతలో ఉన్న తమ్ముడి దగ్గర, రెండోది సూపర్‌వైజర్ దగ్గర. సూపర్‌వైజర్ సంచిలో ఎప్పుడూ ఒక కొత్త ఫ్యూజు ఉండేది.

పెట్టె కిందికి వచ్చింది.

విచారణ కాగితం మీద ఒక్క వాక్యం రాశారు: పనివాడు ఫ్యూజు తీయకుండా అజాగ్రత్తగా గుంతలోకి దిగాడు. ఆసుపత్రి వాళ్లిచ్చిన బట్టల మూటలో, నెత్తుటితో గట్టిపడ్డ చొక్కా జేబులో ఆ ఫ్యూజు దొరికినప్పుడు అతను దాన్ని పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. సూపర్‌వైజర్ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "చనిపోయినవాడి జేబులో ఎవరైనా ఏదైనా పెట్టొచ్చు బ్రేకూ. ఇంటికెళ్లు" అన్నాడు. ఆ గొంతులో కరుకుదనం కూడా లేదు. అదే అతనికి ఇంకా మండింది.

తల్లి ఆ తర్వాత రెండేళ్లే బతికింది. చివరి రోజుల్లో మంచం మీద పడుకుని గోడకేసి తిరిగి, "చిన్నాడికి మొదట్నించీ జాగ్రత్త తక్కువే" అనేది. అతను ఫ్యూజు చూపించాడు. ఆమె చూపు ఆనలేదు. ఆ మాటతోనే పోయింది. తమ్ముడి కూతురు బళ్లో ఎవరో అన్నారని వచ్చి అడిగింది: "పెదనాన్నా, మా నాన్న తప్పు వల్లే పోయాడటగా?"

పగ అంటే నిప్పు అనుకుంటారు. అతనిలో అది నీళ్లలా ఉండేది. గుంతలో ఊరే నీళ్లలా, ఎంత తోడినా తెల్లారేసరికి మళ్లీ అంతే ఎత్తు.

అలా నడుస్తుండగా, అయిదేళ్ల కిందట, సూపర్‌వైజర్ బ్రేకు వెళ్లే చర్చికే వచ్చి చేరాడు. ఉద్యోగం విరమించాడు, గుండెజబ్బు చేసింది, ఏదో ప్రార్థన కూటంలో మోకాళ్లూని ఏడ్చాడట. మారిన మనిషి అన్నారు. నెలనెలా మొదటి ఆదివారం, దేవుడు తనను ఎలా మార్చాడో సాక్ష్యం చెప్పడానికి లేచేవాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, చేతులు ముందు బల్ల మీద.

"నా పాపాలన్నీ కడిగివేయబడ్డాయి. ఈ క్షణం నా ఊపిరి ఆగిపోయినా నేనెక్కడుంటానో నాకు తెలుసు. నాకు నిశ్చయముంది!"

"స్తోత్రం" అనేవి ముందు వరసలు. వెనక బల్ల మీద బ్రేకు పళ్లు నూరేవాడు. చర్చి మార్చేద్దామని పెళ్లాం అంది. "ఇది మా అమ్మ కూర్చున్న బల్ల. వాడికోసం నేనెందుకు లేవాలి?" అన్నాడు. ప్రార్థనలో అందరూ 'మేము క్షమించిన ప్రకారం మమ్మల్ని క్షమించు' అనే మాట దగ్గరకు వచ్చేసరికి అతను పెదవులు బిగించేవాడు. పన్నెండేళ్లుగా ఆ ఒక్క మాట అతని నోట రాలేదు. పాస్టరుగారు ఏడాదికోసారి భుజం మీద చెయ్యేసి అడిగేవారు: "రక్షణ నిశ్చయం ఉందా నాయనా నీకు?"

"చూద్దాం అయ్యగారూ."

"చూసేదేముంది అందులో?"

"ఉన్నవాళ్లని చూస్తున్నానుగా, అందుకని."

అతనికి కావలసింది సూపర్‌వైజర్ చావు కాదు. చస్తే నేరుగా పరలోకానికి పోతానంటున్నాడు, చంపి ఏం లాభం? ఆ నిశ్చయం పోవాలి. ఒక్క గంట చాలు. ఆ గంటలో వాడికి కింద ఏమీ లేదనిపించాలి.

ఆ గంట ఒక మధ్యాహ్నం దానంతటదే దొరికింది. నెలవారీ సర్వీసుకని ఒక అయిదంతస్తుల పాత భవనానికి వెళ్లాడు. కొత్తగా అక్కడికి మారిన వాళ్లలో సూపర్‌వైజర్ కుటుంబం ఉందని అతనికి తెలియదు. మేడ మీద మెషీన్ రూములో మోటారు తుడుస్తూ కిటికీలోంచి చూస్తే, కింద గేటు దగ్గర మందుల సంచితో ఆ దువ్విన జుట్టు కనబడింది. లోపలికి వచ్చింది. కాసేపటికి మోటారు తిరగడం మొదలైంది. రెండు... మూడు... పెట్టె పైకి వస్తోంది.

అతని చెయ్యి బోర్డు మీదికి పోయింది. మెయిన్ ఫ్యూజు పీకాడు. జేబులో వేసుకున్నాడు, తమ్ముడి ఫ్యూజు పక్కనే. రెండు పింగాణీ ముక్కలు తగిలి చిన్న చప్పుడైంది.

మోటారు ఆగింది. మెషీన్ రూము నేలలో తాళ్లు దిగే కంత ఉంటుంది. అందులోంచి చీకటి, పాత గ్రీజు వాసన, ఒక మనిషి గొంతు పైకి వచ్చాయి.

"ఎవరైనా ఉన్నారా? హలో! కరెంటు పోయిందా?"

అతను కంత పక్కన కూర్చున్నాడు. "కరెంటు ఉంది సార్. ఫ్యూజు లేదు."

"ఎవరూ... బ్రేకా? హమ్మయ్య, నువ్వా! తొందరగా కానీ నాయనా, ఇందులో గాలి ఆడటం లేదు."

"గాలికేం, బోలెడుంది. తొందరెందుకు సార్? ఈ క్షణం ఊపిరి ఆగినా మీరెక్కడుంటారో మీకు తెలుసుగా."

"హాస్యమాడే వేళా ఇది? గుండెజబ్బు మనిషిని. ఫోను కూడా పలకడం లేదు."

"మా తమ్ముడి దగ్గర ఫోనే లేదు. వాడి దగ్గరున్నదల్లా ఒక్క ఫ్యూజు."

అతను లేచి, బ్రేకును వదిలించే మీట మీద రెండు చేతులూ వేసి, కొంచెమే కొంచెం నొక్కాడు. పెట్టె జానెడు కదిలి ధడేలున ఆగింది. బావి నిండా కేక.

"పడిపోతున్నా! ఒరే, పడిపోతున్నానురా! దేవా!"

పన్నెండేళ్లుగా అతను వినాలనుకున్న కేక అదే. ఒళ్లంతా వెచ్చబడింది. ఇంకోసారి నొక్కాడు. మళ్లీ కేక. మూడోసారి నొక్కబోతూ కంతలోకి వంగి, "ఏది సార్ మీ నిశ్చయం? మొదటి ఆదివారం మాత్రమే వస్తుందా?" అన్నాడు.

జవాబు లేదు. చచ్చాడా?

అప్పుడు వినబడింది. ముందు దగ్గనుకున్నాడు. నవ్వు. ఏడుపు కలిసిన నవ్వు.

"పైకే వస్తున్నా కదరా" అన్నాడు సూపర్‌వైజర్ రొప్పుతూ. "ఒక్క మనిషి ఉంటే పెట్టె పైకే పోతుంది. ముప్ఫై ఏళ్లు ఇదే పని చేసి, చీకట్లో పడిపోతున్నానని అరిచాను. సిగ్గులేదు నాకు."

బ్రేకు చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

"నా నిశ్చయం ఏదని అడిగావు. లేదు. నా ఒంట్లో ఎక్కడా లేదు, చెమట తప్ప. కానీ నేనరిచానని అవతలి బరువు తగ్గలేదుగా బ్రేకూ? అది నాలో ఉండేది కాదేమో. అవతల వేలాడేదేమో."

అతని ముఖం మీద ఎవరో చాచి కొట్టినట్టయింది. తన మాట అది. టీచరమ్మలకూ ముసలివాళ్లకూ తను పంచిపెట్టిన మాట తనకెదురు తిరిగి ఈ మనిషి నోట్లోంచి వచ్చింది. భయపెడదామని తను చీకట్లోకి తోసినవాడే ఆ చీకట్లో పట్టుకోవడానికో తాడు వెతుక్కున్నాడు. కోపంతో అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడేం చెయ్యాలి? మీట పూర్తిగా నొక్కేసినా వాడు పైకే పోతాడు.

అక్కడే అతనికి దారి కనబడింది.

"మంచిది సార్. మీ రక్షణ ఎటూ పోదు. ఒప్పుకున్నాను" అన్నాడు. గొంతు అతనికే వింతగా తోచింది, అంత నెమ్మదిగా ఉంది. "మీరు ఏం చెప్పినా, ఏం చేసినా అవతలి బరువు తగ్గదు. అంతేగా?"

"అంతే నాయనా."

"అయితే ఈ ఆదివారం లేచి చెప్పండి. ఆ రోజు ఫ్యూజు ఎవరు పెట్టారో."

కిందినుంచి వచ్చిన గొంతు కొత్తది, చిన్నది. "అది... అదెప్పుడో కప్పబడిపోయింది బ్రేకూ. దేవుడి దగ్గర ఒప్పుకున్నాను. ఆయన ఇక గుర్తుచేసుకోనన్నాడు."

"ఆయన మర్చిపోయాడేమో సార్. మా అమ్మ మర్చిపోకుండానే పోయింది."

"నా కోడలు, మనవలు అదే చర్చిలో కూర్చుంటారురా. ఏ మొహం పెట్టుకుని..."

"మా మరదలు కూర్చోవడం లేదా? దాని కూతురు కూర్చోవడం లేదా? అజాగ్రత్తగాడి కూతురు అనిపించుకుంటూ?" అతను కంతలోకి ఇంకా వంగాడు. "పరలోకం పోదని నమ్మకముంది. పరువు పోతుందని భయం. ఏది పెద్దది సార్ మీకు?"

బ్రేకు జవాబు కోసం ఆగలేదు. మోటారుకు చేతిచక్రం బిగించి, ఒక చేత్తో మీట నొక్కుతూ, రెండో చేత్తో తిప్పుతూ, అంగుళం అంగుళం పెట్టెను నాలుగో అంతస్తుకు తెచ్చాడు. దిగి వెళ్లి తలుపు లాగాడు. సూపర్‌వైజర్ మందుల సంచి గుండెకు హత్తుకుని మూలకు ఒదిగి ఉన్నాడు. దువ్విన జుట్టు నుదుటి మీద పడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నా మీద రిపోర్టు చేసుకోండి సార్" అన్నాడు బ్రేకు. "ఫ్యూజు పీకింది నేనే. నేనైతే ఒప్పుకుంటాను."

ఆ ముసలాయన ఆఖరి అంతస్తుకు మెట్లెక్కి వెళ్లాడు.

ఆ వారమంతా ఆఫీసు నుంచి పిలుపు వస్తుందని చూశాడు. రాలేదు. వాడు చర్చికి కూడా రాడనుకున్నాడు. కానీ ఆ ఆదివారం, నెలలో మొదటిది, తెల్ల చొక్కా వచ్చింది. పక్కన కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు. వెనక బల్ల మీద బ్రేకు, పెళ్లాం, మరదలు, ఆమె కూతురు. సాక్ష్యాల వేళ పాస్టరుగారు చిరునవ్వుతో ముందు వరస వైపు చూశారు.

సూపర్‌వైజర్ లేచాడు. "ఈ క్షణం నా ఊపిరి ఆగిపోయినా..." అని అలవాటుగా మొదలుపెట్టి ఆగిపోయాడు. చేతులు బల్లను పట్టుకున్నాయి. వెనక్కి తిరిగాడు. బ్రేకు జేబులోంచి ఫ్యూజు తీసి, అందరికీ కనబడేలా ఒళ్లోని బైబిలు మీద పెట్టాడు. కళ్లు తిప్పలేదు. జాలి పడితే చెయ్యి వెనక్కి పోతుందని తెలిసి, గోడకేసి తిరిగిన తల్లి వీపును గుర్తుచేసుకుంటూ కూర్చున్నాడు.

"పన్నెండేళ్ల కిందట," అన్నాడు సూపర్‌వైజర్, "లిఫ్టు గుంతలో ఒక పనివాడు చనిపోయాడు. అజాగ్రత్త అని రాయించింది నేను. అతను జాగ్రత్తగానే ఫ్యూజు తీసి జేబులో పెట్టుకుని దిగాడు. అతను లోపలున్నాడో లేదో చూడకుండా ఇంకో ఫ్యూజు పెట్టి లిఫ్టు నడిపింది నేను." "రేపు కంపెనీ ఆఫీసుకు వెళ్లి అదే రాసిస్తాను."

'స్తోత్రం' అనడానికి తెరుచుకున్న నోళ్లు అలాగే ఉండిపోయాయి. కొడుకు లేచి, పిల్లల్ని లాక్కుని బయటికి నడిచాడు. కోడలు తల దించుకుంది. పాస్టరుగారు పాట అందుకుందామని చూసి, ఎందుకో మానుకున్నారు. ముసలాయన బల్ల పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

బ్రేకు కళ్లారా చూశాడు. అబద్ధమెందుకు, అతనికి బాగుంది. ఎండలో నడిచొచ్చి కుండలో నీళ్లు తాగినంత బాగుంది. ఆ తర్వాత ప్రార్థనలో క్షమాపణ మాట వచ్చినప్పుడు, మొదటిసారి, అతని పెదవులు విడ్డాయి. సగం మాటే వచ్చింది. మిగతా సగం గొంతులోనే ఉండిపోయింది. క్షమించావా అని ఎవరైనా అడిగితే ఇవాళ్టికీ ఆ సగమే అతని జవాబు.

బయట మెట్ల దగ్గర మరదలు అతని ముందు చెయ్యి చాచింది.

"అదిలా ఇవ్వండి బావగారూ."

పన్నెండేళ్లలో ఆమె దాన్ని ఒక్కసారైనా ముట్టుకోలేదు. అతను ఇచ్చాడు. జేబు తేలికైపోయి, చొక్కా గుండెకు అతుక్కుంది. ఆమె విరిగిన మూలను బొటనవేలితో తడిమి, కూతురి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"మీ నాన్నది. తీసి జేబులో పెట్టుకునే దిగాడు."