జములమ్మ వద్దన్న క్రెడిట్

రెండువేల నాలుగు కరువులో తెలకపల్లి ఆడవాళ్లను కూడగట్టి, పాత బావిలో పూడిక తీయించి నీళ్లు రప్పించింది జములమ్మ. ఆ సంబరానికి పెట్టిన సభలో ఆఫీసరు, "ఈ క్రెడిట్ జములమ్మదే!" అన్నాడు. పొదుపు సంఘంలో ఆమె విన్న క్రెడిట్ ఒక్కటే, బ్యాంకు అప్పు. ఏనాడూ ఒకరికి బాకీపడని మనిషి, దిగ్గున లేచింది.

"నేను పైస తీసుకోలే సారూ! ఆ క్రెడిట్ నా పేరు మీద రాయకుండ్రి!"

సభంతా గొల్లుమంది. సర్పంచి నవనీత మైకు గుంజుకుంది. "అక్క వద్దంటే నాకే రాయుండ్రి సారూ."

బావి గోడకు పెట్టిన పలక మీద నవనీత పేరే ఎక్కింది. "క్రెడిట్ అంటే చేసిన పనికొచ్చే పేరు గూడ అత్తా" అని కోడలు సుమన చెప్పేనాటికి సిమెంటు గట్టిపడింది.

"గా ముక్క తెలుగుల అంటే ఆయన నోట్లె ముత్యాలు రాలిపోతుండెనా?" అంది జములమ్మ.

ఆ పలక కంటబడుతుందని జములమ్మ అటు పోదు; ఆ బావి నీళ్లకు ఇప్పటికీ కోడలే పోతుంది.