ఇరవై ఒక్క గింజల పథ్యం

మా సైన్సు మాస్టారు జీవానందం గారికి ఒకే ఒక్క పిచ్చి. గింజ కనబడితే దాన్ని దారానికి గుచ్చాలి. చింతగింజ, వేపగింజ, సీతాఫలం గింజ, ఆముదపు గింజ, గురివింద, ఏది కంటపడినా వంగి ఏరుకుని చొక్కా జేబులో వేసుకునేవారు. రెండో జేబులో దబ్బనం, నూలు ఉండ. నడుస్తూ గుచ్చేవారు. బస్సులో గుచ్చేవారు. ఒకసారి సంతాపసభలో అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిస్తుంటే, ఆ రెండు నిమిషాల్లో ఏడు గింజలు గుచ్చారు. నేను కళ్లు మూసుకోకుండా లెక్కపెట్టాను, ఆ పాపం నాది.

ఇది ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆరేడేళ్లయిన నాటి మాట. అప్పటికింకా మేం కర్నూలు జిల్లా వాళ్లం. కంభం దగ్గర ఒక హైస్కూల్లో ఆయన సైన్సు మాస్టారు, నేను తెలుగు పంతులుని. స్టాఫ్ రూములో ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే. ఆయన దబ్బనం నా మోచేతికి ఎన్నిసార్లు గుచ్చుకుందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ గింజలు ఊరికే గుచ్చేవి కావు. ఆయన దృష్టిలో మనిషంటే మాంసకృత్తులు. ఆయన మాటల్లో ప్రోటీన్లు. ప్రోటీన్లు లోకంలో వేలకు వేలున్నా, అన్నీ ఇరవై రకాల అమైనో ఆమ్లాలను వరుసగా గుచ్చిన దండలేనట. అందుకని ఇరవై ఆమ్లాలకూ ఇరవై రకాల గింజలు కేటాయించారు. గ్లైసిన్ వేపగింజ. సిస్టీన్ గురివింద. ల్యూసిన్ ఆముదపు గింజ. మా వైపు దొరకని గింజలను నల్లమల నుంచి సంతకు వచ్చే లింగమ్మ చేత తెప్పించుకునేవారు. కుంకుళ్లూ తేనే కొనని మనిషి గింజలు మాత్రమే ఎందుకు అడుగుతాడో ఆమెకు చివరిదాకా అర్థం కాలేదు.

నా తులసి జపమాల ఒకసారి తెగిపోయింది. గుచ్చి ఇస్తానని తీసుకుపోయారు. రెండు రోజుల తర్వాత తెచ్చిస్తే, తులసి పూసల మధ్య వేపగింజలు, చింతగింజలు.

"ఇదేమిటి మాస్టారూ?"

"నూట ఎనిమిదీ ఒకే రకం పూసలైతే ఆ దండ ఏం చెబుతుంది పంతులుగారూ? భాషలో ఒక్క 'అ' మాత్రమే ఉంటే మీరు పద్యం రాయగలరా?"

"నేను దీంతో పద్యం రాయను. దేవుణ్ని తలుచుకుంటాను."

"హాయిగా తలుచుకోండి. మధ్యలో ఇన్సులిన్ అనే ప్రోటీన్ ముక్క ఉంది, దాన్ని మాత్రం కదిలించకండి."

వేరే మాల కొనుక్కునేదాకా నెల రోజులు దాంతోనే జపం చేశాను. వేపగింజ వేలికి తగిలినప్పుడల్లా నా నోట భగవన్నామానికి బదులు గ్లైసిన్ అనే మాట వచ్చేది.

మా అటెండరు నాగులుది ఇంకా పెద్ద కష్టం. నాగులు అర్ధవీడు పక్క ఊళ్లో గొర్రెలు మేపే ఇంట పుట్టినవాడు. పన్నెండు మూరల తలపాగా. కలెక్టరు వచ్చినా దాన్ని తీయడు. అలాంటివాణ్ని ఒకనాడు మాస్టారు పదో తరగతిలోకి పిలిచారు.

"నాగులూ, పాగా విప్పు."

"పిల్లోళ్ల ముందరనా సారూ?"

"చదువు కోసం. విప్పు."

గుడ్డ బెంచీల మీదుగా సాగి వరండా దాటి నా తరగతిలోకి వచ్చింది. సంధులు చెబుతున్నవాణ్ని ఆపేసి నేనూ వెళ్లి చూశాను.

"ప్రోటీన్ నిర్మాణానికి నాలుగు అంతస్తులు. ఈ గుడ్డలో ఏ పోగు తర్వాత ఏ పోగు ఉందో, అది మొదటి అంతస్తు. గింజల వరుస అన్నమాట. దీన్ని మెలితిప్పితే రెండో అంతస్తు. కొన్నిచోట్ల మెలి బదులు చీర కుచ్చిళ్లలాగా మడతలు పడుతుంది. మెలి విడిపోకుండా సన్నటి పట్లుంటాయి, వాటి పేరు హైడ్రోజన్ బంధాలు. ఒక్కొక్కటీ బలహీనమే, అన్నీ కలిస్తే గట్టిది. మెలితిప్పిన గుడ్డను నాగులు తలకు చుడితే పాగా. అది మూడో అంతస్తు. అక్కడ నీళ్లంటే గిట్టని గింజలు లోపలికి పోయి దాక్కుంటాయి. నీళ్లంటే ఇష్టమున్నవి బయట కూర్చుంటాయి."

"నాలుగోది సార్?" అన్నాడు ఒక కుర్రాడు.

"ఒక్కడు పాగా చుట్టుకుని కూర్చుంటే వాడు ఊరికే ఒక పెద్దాయన. నలుగురు కూర్చుంటే పంచాయితీ. మన రక్తంలో గాలిని మోసే హిమోగ్లోబిన్ అట్లాంటి నలుగురి పంచాయితీ."

"పంచాయితీ సంగతి తరువాత సారూ, ముందు నా పాగా నాకియ్యండి" అన్నాడు నాగులు, రెండు చేతులతో తల కప్పుకుని.

వరుస తప్పితే మాత్రం ఆయన సహించేవారు కాదు. వరుస సరిగ్గా ఉంటే మెలి, మడత వాటంతట అవే వస్తాయనేవారు. బ్రహ్మం అనే కుర్రాడు ఒక చింతగింజ తప్పు చోట గుచ్చి, "ఒక్కటే గదా సార్" అన్నాడు. అంతే, దండ తెంపి మొదటి నుంచీ గుచ్చించారు. "వందన్నర గింజల్లో ఒక్కటి మారితే రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. మనిషి నొప్పులతో మంచం పడతాడు. ఒక్కటే గదా అని వాడితో చెప్పు చూద్దాం."

ఆయన్ను మండించే వస్తువు మరొకటుంది. తాయెత్తు. పిల్లల మెడలో కనబడితే చాలు, పట్టుకుని అడిగేవారు.

"దీంట్లో ఏముందిరా?"

"మంత్రం సార్."

"ఆ మంత్రంలో ప్రోటీన్ ఎంత?"

ఊళ్లలో తల్లులను పట్టుకుని గుడ్డు పెట్టండి, పప్పు పెట్టండి అని చెప్పేవారు. వాళ్లు వినయంగా తలలూపి, ఇంటికి పోయి తాయెత్తుకు ఇంకో ముడి వేసేవారు.

ఒక కార్తీకమాసంలో, మధ్యాహ్నం బెల్లు కొట్టాక, నాగులు తన కూతురు పాపమ్మను వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చాడు. ఆమె చంకలో రెండేళ్ల కొడుకు ఓబులేసు. వాడి ముఖం గుండ్రంగా ఉబ్బింది. పాదాలు ఉబ్బాయి. మాస్టారు వాడి పాదం మీద వేలితో నొక్కితే, నొక్కిన గుంట అట్లాగే ఉండిపోయింది. జుట్టు ఎండుగడ్డి రంగుకు తిరిగింది. పెదవి మీద ఈగ వాలినా వాడు తల తిప్పలేదు.

"ఏడ్చేది కూడా మానేసినాడు అయ్యవారూ" అంది పాపమ్మ.

ఇంకో బిడ్డ పుట్టి మూడు నెలలయిందట. అప్పుడే వీడికి పాలు మాన్పించారు. ఆసుపత్రిలో డాక్టరు పాలు, గుడ్డు కొంచెం కొంచెంగా పెట్టమన్నాడు. కానీ ఉబ్బుకు పాలు పడవు, పప్పు పడదు, గుడ్డు అసలే పడదని ఇంట్లో పెద్దవాళ్ల మాట. ఇంట్లో మేకలున్నాయి, కోళ్లున్నాయి. బిడ్డకు మాత్రం రెండు నెలలుగా గంజినీళ్లు.

మాస్టారు లేచి గోడకు వేలాడుతున్న ఇన్సులిన్ తీశారు. ఏడాది పాటు గుచ్చిన బొమ్మ అది. ఇరవై ఒక్క గింజల దండ ఒకటి, ముప్పై గింజల దండ ఒకటి, రెండింటినీ కలుపుతూ గురివిందల దగ్గర రాగి తీగలు. పది రోజుల్లో కర్నూలు ఎగ్జిబిషన్‌కు పోవలసింది. మేమెవరమూ దాన్ని తాకడానికి వీల్లేదు.

"చూడమ్మా, ఒంట్లో ఇట్లాంటి దండలు రోజూ కొత్తగా గుచ్చుకోవాల. గుచ్చుకునేదానికి నీ బిడ్డకు గింజల్లేవు. రక్తంలో నీళ్లను పట్టి ఉంచే దండ ఒకటుంటుంది. అది తక్కువై నీళ్లు కాళ్లలోకి దిగినాయి. గంజిలో గింజలు లేవు. గుడ్డులో ఉన్నాయి, పాలలో ఉన్నాయి, పప్పులో ఉన్నాయి."

అరగంట చెప్పారు. మెలి, మడత, పాగా, పంచాయితీ అన్నీ అయ్యాయి. పాపమ్మ కళ్లార్పకుండా విని దండం పెట్టింది.

"అంతా తెలిసింది అయ్యవారూ. ఈ దండ మెడకు కట్టాల్నా, మొలకు కట్టాల్నా?"

నాకు నవ్వు వచ్చింది. మాస్టారి ముఖం చూసి మింగేశాను.

"ఇది తాయెత్తు కాదమ్మా! పాఠం! ఇంతసేపూ నేను చెప్పిందేంది?"

పాపమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాలాంటోళ్లకు కట్టగూడదేమోలే. పామూరు దిక్కు తాయెత్తు కట్టే ఒకాయన ఉన్నాడంట నాయనా, ఆయన కాడికే పోదాం పా. బండిలో మూడు దినాలే గదా."

ఆ బిడ్డతో మూడు రోజుల బండి ప్రయాణం. వాడు పామూరు చేరడని ఆ గదిలో పాపమ్మకు తప్ప అందరికీ తెలుసు. నాగులు పాగా కొసతో కళ్లు ఒత్తుకున్నాడు. మాస్టారు ఆ పాదం మీద మళ్లీ వేలితో నొక్కారు. గుంట అట్లాగే నిలిచింది.

"కూచో పాపమ్మా. మొలకు కట్టాల. నేనే కడతా."

"మాస్టారూ!" అన్నాను.

"మీరు కాసేపు నోరు మూసుకోండి పంతులుగారూ."

ఆయన రాగి తీగలు విప్పి, ఇరవై ఒక్క గింజల దండను విడదీశారు. తర్వాత నేను ఎన్నడూ చూస్తాననుకోని పని చేశారు. ముడి విప్పి నాలుగు గురివిందలూ రెండు ఆముదపు గింజలూ తీసేసి, ఆ చోట్ల ఆరు కుంకుడు గింజలు గుచ్చారు. తీసేసిన ఆ రెండు రకాలూ విషం. బిడ్డ నోట్లో పెట్టుకుంటాడని. బ్రహ్మం చేత ఒక్క గింజకు దండంతా గుచ్చించిన మనిషి, తన చేత్తో ఆరు గింజలు తప్పు గుచ్చి ముడి వేశారు.

"దీనికి పథ్యం ఉంది. కఠినమైన పథ్యం."

"చెప్పండి అయ్యవారూ."

"మొదట నాలుగు దినాలు కాచిన మేకపాలు, చెంచా చెంచా, గంట గంటకూ. అయిదో దినం నుంచి దాంతోపాటు ఉడికించిన గుడ్డు, ముందు పావు, తరువాత సగం, తరువాత మొత్తం. సంగట్లో మెత్తటి పప్పు. ఇరవై ఒక్క దినాలు. ఒక్క పూట తప్పితే దండ బలం పోతుంది, మళ్లీ మొదటి నుంచీ."

"ఉబ్బుకు గుడ్డు పడదంటారు గదా!"

"ఈ దండకు పడుతుంది. గుడ్డు పెట్టకపోతేనే ఈ దండకు కోపం."

పాపమ్మ ముఖంలో ధైర్యం వచ్చింది. పథ్యం లేని మందును ఎవరు నమ్ముతారు? "మరి మంత్రం?"

మాస్టారు ఇరుకున పడ్డారు. అబద్ధం చెప్పిన మనిషి కాదు. ఆదివారం ప్రార్థనకు పోయే మనిషి కూడా. దండను బిడ్డ మొలకు కట్టి, మొదటి గింజ మీద వేలు పెట్టి, కళ్లు మూసుకుని గంభీరంగా మొదలుపెట్టారు.

"గ్లైసిన్... ఐసోల్యూసిన్... వాలిన్... గ్లుటామిక్ ఆమ్లం... గ్లుటమిన్..."

ఆరో గింజ మీద ఆయన వేలు ఆగింది. వేలి కింద ఉన్నది కుంకుడు గింజ. "సిస్టీన్" అన్నారు, తప్పు చేసిన పిల్లవాడిలా నా వైపు చూస్తూ. నేను రెండు చేతులూ జోడించి నిలబడ్డాను. వేదం చదివేచోట కూడా నేనంత భక్తిగా నిలబడలేదు.

తరువాతి రోజుల్లో మాస్టారు ఒక్క గింజ కూడా ఏరలేదు. సోమవారం నాగులు వస్తే, మంగళవారం నాగులు వస్తే, ముందు అతని ముఖం చూసేవారు. తొమ్మిదో నాడు నాగులు ఏడుపు ముఖంతో వచ్చాడు.

"సారూ, బిడ్డ సగానికి సగం చిక్కిపోయినాడు."

"పాలు తాగుతున్నాడా?"

"గిన్నె గిన్నె తాగుతాండాడు. గుడ్డు చూపిస్తే చెయ్యి సాపుతాండాడు."

మాస్టారు కుర్చీలో కూలబడి గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. "పోయింది నీళ్లు నాగులూ. ఇప్పుడు కనబడేదే అసలు బిడ్డ. పథ్యం మాత్రం తప్పనీయొద్దు."

ఈలోగా కర్నూలుకు సగం ఇన్సులిన్ పోయింది. బహుమతి రాలేదు. తక్కిన సగం ఏమైందని హెడ్మాస్టరు దేవరాజు గారు నిలదీస్తే, "వాడుకలో ఉంది సార్" అన్నారు మాస్టారు. సైన్సు మాస్టారు తాయెత్తులు కడుతున్నారని అప్పటికే పుకారు పుట్టింది. హెడ్మాస్టరు నన్ను పిలిచి సాక్ష్యం అడిగారు. ఆయన చదివింది మంత్రం కాదనీ, నేను చెవులారా విన్నాననీ చెప్పాను. అది నిజమే.

ఇరవై రెండో నాడు పాపమ్మ వచ్చింది. మాస్టారి కళ్లజోడు చూడగానే ఓబులేసు గుక్కపట్టి ఏడ్చాడు. రెండు తరగతుల్లో పాఠాలు ఆగిపోయాయి. చంకలోంచి జారి, వరండాలో నాలుగడుగులు నడిచి, నాగులు కాళ్లు పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు వింటూ మాస్టారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నాకూ కళ్లు మసకబారాయి, చెప్పడానికి నాకేం సిగ్గులేదు.

"పథ్యం ఇంకెన్నాళ్లు అయ్యవారూ?" అడిగింది పాపమ్మ.

"వాడికి మీసాలొచ్చిందాకా."

"పెద్దది ఆడపిల్ల ఉంది. దానికి కట్టించుకుంటే?"

"ఆడపిల్లకైతే ముగింపు లేదమ్మా. జీవితమంతా. తల్లి కూడా తినాల. తల్లి పథ్యం తప్పితే బిడ్డ దండ పనిచేయదు."

"వింటివా నాయనా?" అంది పాపమ్మ తండ్రి వైపు తిరిగి. "ఇంక నేను కూడా గుడ్డు తినాలంట."

"అయ్యవారు చెప్పినంక తప్పుతాదా" అన్నాడు నాగులు.

ఆ నెలలో పాపమ్మ వెంట ఇద్దరు తల్లులు వచ్చారు. పై నెలలో పదిమంది. మాస్టారు మళ్లీ గింజలు గుచ్చి అందరికీ కట్టారు, అందరికీ అదే పథ్యం చెప్పారు, కళ్లు మూసుకుని ఇరవై ఒక్క పేర్లూ చదివారు. తాయెత్తుల గురించి ఇక పిల్లల్ని ఏమీ అడగలేదు.

ఆ చలికాలం కంభం సంతకు అర్ధవీడు వైపు నుంచి గుడ్ల గంపలు రావడం మానేశాయి. హెడ్మాస్టరు గారు మూడు వారాలు వరసగా ఖాళీ సంచితో తిరిగి వచ్చి, స్టాఫ్ రూములో విసుక్కున్నారు. "ఆ దిక్కు కోళ్లకు ఏదో రోగం తగిలినట్టుందయ్యా. మీకేమైనా తెలుసా పంతులుగారూ?"

"నేను శాకాహారిని సార్. కోళ్ల సంగతి నాకేం తెలుస్తుంది?" అన్నాను.