చెంబు రత్తాలు లేని నాటకం

ప్రభావతి టీచరుగారికి ఉన్నది ఒకటే జబ్బు. ఏ నాటకం వేయించినా అందులోకి చెంబు రత్తాలుని లాక్కొస్తారు. దేవుడి నాటకమైనా సరే, దోమల నాటకమైనా సరే.

రత్తాలు ఎవరో మీకు తెలియదు. సిగ్గుపడకండి, బందరులో బాగా చదువుకున్నవాళ్లకే తెలియదు. టీచరుగారి దగ్గర అట్టలేని పాత పిల్లల కథల పుస్తకం ఒకటుంది. అందులో కొండదారికి అడ్డంగా ఓ రాక్షసుడు కూర్చుంటాడు. రాజకుమారులు వరసగా కత్తులు దూసి వెళ్తారు, వరసగా కాళ్లు విరగ్గొట్టుకుని వస్తారు. ఆఖరికి గొడ్లు కాసే రత్తాలు చెంబుతో వెళ్లి "దాహమా?" అని అడుగుతుంది. వాడు గటగటా తాగేసి పక్కకి జరుగుతాడు. అంతే కథ.

"అంత గొప్ప పిల్లయితే ఎవరికీ తెలీదేంటి టీచర్?" అని ఒకసారి అడిగాను.

"అట్ట మీద బొమ్మలో రాజకుమారులందరూ ఉన్నార్రా విల్సన్. వాళ్ల గుర్రాలు కూడా ఉన్నాయి. రత్తాలు లేదు."

"ఏదీ ఆ అట్ట?"

"చింపేశాను."

ఇక్కడ నా గురించి కూడా చెప్పుకోవాలి, లేకపోతే మీకే నష్టం. విల్సన్ సౌండ్స్ అంటే నేనే. ఇంటర్లో ఫిజిక్సు నన్ను తట్టుకోలేక తప్పుకుంది. ఘంటసాల ఊళ్లో నేను "మైక్ టెస్టింగ్" అంటే స్తూపం దగ్గర పడుకున్న కుక్కలు లేచి చల్లపల్లి బస్టాండు దాకా పరిగెత్తాయి. అబద్ధమైతే ఆ కుక్కల్ని అడగండి. పైగా నేను మాజీ రత్తాలుని. నాలుగో తరగతిలో మా అక్క పరికిణీ కట్టుకుని మరీ వేశాను. చిన్నప్పుడు నేను బొత్తిగా మాట్లాడేవాణ్ణి కాదట. మేధావులు అలాగే ఉంటారు. అయినా బళ్లో అంతమంది ఆడపిల్లలుండగా నన్నే ఎంచుకున్నారంటే, నాలోని నటుణ్ణి ఆవిడ ఎప్పుడో కనిపెట్టేశారన్నమాట.

దోమల నాటకం సంగతి చెబుతాను. వీధిలో స్టేజీ కట్టాం, ఎదురింటి డాబా మీద కూడా జనమే. ఉన్నట్టుండి రత్తాలు చెంబుతో వచ్చింది. వచ్చింది అంటే, వేషం కట్టిన కుర్రాడు వాళ్లమ్మ చీర కొంగు వదలడు కాబట్టి అమ్మతో సహా వచ్చింది.

"నీళ్లు నిలవ పెట్టుకోవద్దని చెప్పే నాటకంలో నీళ్ల చెంబేంటండీ?" అని చూడ్డానికి వచ్చిన మలేరియా ఆఫీసరుగారు మొత్తుకున్నారు.

"పారబోయడానికండీ," అన్నారు టీచరుగారు.

రత్తాలు పారబోసింది. సరిగ్గా ఆఫీసరుగారి బూట్ల మీద.

జలప్రళయం నాటకంలో ఇంకా ఘోరం. లోకమంతా మునిగిపోయి ఓడ ఒక్కటే తేలుతోంది. అందులో రత్తాలు, చేతిలో చెంబు.

"చుట్టూ నీళ్లే కదా టీచర్, మళ్లీ చెంబెందుకు?"

"చుట్టూ ఉన్నవి తాగుతావా? బందరులో పుట్టి అడగాల్సిన ప్రశ్నేనా అది?"

ఇలా నడుస్తుండగా మా చర్చి నాటకాల కమిటీకి డేవిడ్ రాజుగారు కన్వీనరయ్యారు. ఆయన మంచివారే. షీల్డు ఒక్కటే ఆయన బలహీనత. చల్లపల్లిలో క్రిస్మస్ నాటకాల పోటీ అని తెలియగానే, ప్రథమ బహుమతి సాధించిన సందర్భంగా తనకు తానే అభినందనలు తెలుపుకుంటూ ఫ్లెక్సీ కొట్టించేశారు. నాటకం ఏదో ఇంకా తేలనే లేదు. అందులో క్రూరరాజు వేషం కూడా తనదే అన్నారు.

"టీచరుగారూ, ఈసారి రత్తాలు ఉండకూడదండి," అన్నారు కమిటీలో. "పశువులపాకలో చెంబేంటి అని జడ్జీలు నవ్వుతున్నారు. అదీగాక మీరు ఏరి ఏరి పనికిరాని పిల్లల్ని తెస్తారు. ఒకడు కొంగు వదలడు, ఒకడికి నత్తి, ఒకమ్మాయి స్టేజీ మీదే నిద్రపోయింది."

"కృపానందంగారి మనవరాలికి మాటిచ్చానండీ."

"ప్రియకా? నాగాయలంక నుంచి వచ్చినప్పటినించీ ఆ పిల్ల నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతే. మాట్లాడని పిల్లకి మాటివ్వడమేంటండీ? రత్తాలు స్టేజీ ఎక్కిందా, ఇదే మీ ఆఖరి నాటకం."

కమిటీ అంతా బల్ల వైపు చూసింది. టీచరుగారు కళ్లజోడు తుడుచుకుని "సరేనండీ" అన్నారు. నాకు భయమేసింది. ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోవడం నేనెన్నడూ చూడలేదు.

చల్లపల్లిలో తెర లేచే వేళకి, స్టేజీ పక్కన నా మిక్సర్ దగ్గర ప్రియ నిలబడి ఉంది. చేతిలో ఇత్తడి చెంబు.

"టీచర్!" అన్నాను గొంతు తగ్గించి. తగ్గించినా నాలుగు వరసలు తిరిగి చూశాయి.

"స్టేజీ ఎక్కదురా. నటులకి మంచినీళ్లు ఇవ్వడానికి ఉంది. దానికి కూడా కమిటీ పర్మిషన్ కావాలా?"

నాటకం ఊపందుకుంది. డేవిడ్ రాజుగారు కత్తి దూసి సింహాసనం మీంచి లేచారు. గడ్డం కొబ్బరిపీచుతో చేయించింది ఆయనే, సహజంగా ఉంటుందని. "ఎవడురా నా రాజ్యంలో..." అని ఊపిరి పీల్చేసరికి సహజత్వం గొంతులోకి పోయింది. దగ్గు. మళ్లీ దగ్గు. కళ్లు ఎర్రబడ్డాయి. భటులు బల్లేలు పట్టుకుని అలాగే నిలబడ్డారు, దగ్గితే ఏం చేయాలో వాళ్లకి రిహార్సల్లో చెప్పలేదు.

ప్రియ టీచరుగారి వైపు చూసింది. ఆవిడ వెళ్లమనలేదు, ఆగమనలేదు. పని ఉన్నట్టు తెర తాడు ముడి విప్పి మళ్లీ వేసుకుంటున్నారు.

పిల్ల నడిచింది. ఒక్కో అడుగుకీ చెంబులోంచి నీళ్లు తొణుకుతున్నాయి. క్రూరరాజు ముందు నిలబడి, తలెత్తి, చీమ గొంతుతో అంది.

"దాహమా?"

ఆయన కాలర్ మైకు ఆ మాట పట్టుకుంది. నా బాక్సులు దాన్ని అవనిగడ్డ దాకా వినిపించాయి. డేవిడ్ రాజుగారు కత్తి కింద పెట్టి, గడ్డం మెడకి దించి, రెండు చేతులా చెంబెత్తి గటగటా తాగారు. తాగి, "ఇంకొంచెం ఉన్నాయా అమ్మా?" అన్నారు. మైకులోనే. జనం చప్పట్లు కొడుతూ లేచి నిలబడ్డారు. ముందు వరసలో కృపానందంగారు మాత్రం కూర్చునే ఉన్నారు, పక్కవాణ్ణి కుదిపేస్తూ. "అన్నది మా ప్రియేనా? మా ప్రియేనా?"

షీల్డు వేరే ఊరికి పోయింది. మాకు ప్రోత్సాహక బహుమతి, అంటే స్టీలు గిన్నె. ఫ్లెక్సీ మీద 'ప్రథమ' అన్నచోట కాగితం అంటించారు. "ఆ నీళ్ల సీను నా ఐడియానేనండీ," అని డేవిడ్ రాజుగారు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నారు. వచ్చే ఏడాది రత్తాలు తప్పనిసరి అని తీర్మానం కూడా చేయించారు.

నాటకం మర్నాడు చెంబు నా వైర్ల పెట్టెలో దొరికితే టీచరుగారికి ఇవ్వడానికి వెళ్లాను.

"మీకు అదృష్టం ఉంది కాబట్టి సరిపోయింది టీచర్. మాట్లాడని పిల్లకి ఎవరైనా రత్తాలు ఇస్తారా? మా రోజుల్లో అయితే టాలెంట్ చూసి ఇచ్చేవారు. నన్ను చూసి ఇవ్వలేదూ?"

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూశారు.

"టాలెంటా? ఆ ఏడాది బడి మొత్తంలో నోరు విప్పనివాడివి నువ్వొక్కడివేరా."

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి. టీచరుగారు నా చేతిలోంచి చెంబు తీసుకుని లోపలికి వెళ్లి, నింపి తెచ్చి, నా ముందు నిలబడ్డారు.

"దాహమా?"

తల ఊపాను.

"తాగు. తాగి కాస్త నెమ్మదిగా మొదలుపెట్టు. పోయినసారి మొదలుపెట్టినవాడివి ఇప్పటిదాకా ఆపలేదు."