పాత గోలీలు, కొత్త గోలీలు

నేను నర్సుగా చేసిన దవాఖానా భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉండేది. ఎనభైల నాటి మాట. ఇద్దరు చేసే పని ఒక్కదాన్నే చేసేదాన్ని. రాత్రి కాన్పు చేసి, పొద్దున్నే టీకాలకు కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి.

దగ్గర్లోని హాస్టల్లో వంట చేసే ఒకామె నెలనెలా వచ్చేది. ఆమెకు థైరాయిడ్ తక్కువ. మొదట్లో మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, పప్పు కలుపుతూ నిలబడే కునికేది. ఖమ్మంలో డాక్టరు పశువుల థైరాయిడ్ గ్రంథిని ఎండబెట్టి చేసిన గోధుమరంగు గోలీలు రాశాడు. ఏడాదిలో మనిషి తేరుకుంది.

తర్వాత ఆ రకం దొరకడం కష్టమైంది. డాక్టరు వాటి బదులు థైరాక్సిన్ అనే చిన్న తెల్ల గోలీలు రాశాడు. ఆమె వాటిని నాకు చూపించడానికి వచ్చిన రోజు బయట టీకాలకు పిల్లలతో తల్లులు బారులు తీరి ఉన్నారు.

"సిస్టరమ్మా, ఇదేంది, వేరే మందా?"

"అదీ ఇదీ ఒక్కటే అక్కా. పరగడుపున వేసుకో," అన్నాను తలెత్తకుండా.

నెల తిరగకముందే మళ్లీ వచ్చింది. మెట్లెక్కేసరికే ఆయాసం. జాకెట్టు వదులైంది, చేతులు వణుకుతున్నాయి. నాడి చూస్తే పరుగులు పెడుతోంది. ఏం వేసుకుంటున్నావని అడిగితే కొంగుముడి విప్పింది. అందులో తెల్లవీ, గోధుమరంగువీ కలిసే ఉన్నాయి.

"రెండూ ఒక్కటే అన్నరు గద. పాతవి ఇంక మిగిలినయ్. పారేసుడెందుకని అవి గూడ ఏస్కుంటున్న."

పాత సీసా మీద అరవై మిల్లీగ్రాములని ఉండేది, కొత్తదాని మీద సున్నా పాయింట్ ఒకటి. అంకెలకు పొంతన లేకపోయినా చేసే పని దాదాపు ఒకటే. ఆమె రోజూ రెట్టింపు మందు మింగుతోంది. పాతవి ఆపెయ్ అన్న ఒక్క మాట నేను చెప్పలేదు.

మా దవాఖానా డాక్టరుకు దాచకుండా చెప్పాను. ఆయన రెండూ ఆపించి ఆమెను వార్డులో ఉంచాడు. మందు జోరు తగ్గడానికి చాలా రోజులు పట్టింది.

"తప్పు నాదే అక్కా," అన్నాను నాడి చూస్తూ.

"మీకు కూసునే తీరికే లేకపాయె. ఇంకోసారి అడగబుద్ది కాలే," అంది. ఆ మాట విన్నాక నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

నెమ్మదించాక తెల్ల గోలీలు మాత్రమే మొదలుపెట్టించాడు. ఆమె తిరిగి వంటకు పోయింది. ఆ తర్వాత ఎవరొచ్చినా ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మనేదాన్ని. ఏది ఆపాలో, ఏది ఎప్పుడు మింగాలో వాళ్ల నోటితోనే చెప్పించుకునేదాన్ని. పని ఇంకో గంట సాగేది. కొందరు విసుక్కునేవాళ్లు, నాకూ విసుగొచ్చేది. అయినా చెప్పించుకునే పంపేదాన్ని.