తొమ్మిదో మెట్టు

మెట్ల విషయంలో మేస్త్రికి ఒక సిద్ధాంతం ఉంది. సిద్ధాంతాలు ఉన్నవాళ్ళు నెమ్మదస్తులై ఉంటారని లోకంలో ఒక భ్రమ. ముప్పై ఆరేళ్ళుగా తాపీ పట్టిన ఈ మనిషి ఆ భ్రమను రోజుకి రెండుసార్లయినా బద్దలు కొడుతుంటాడు.

సిద్ధాంతం చిన్నదే. మెట్టెక్కేవాడు మెట్టు గురించి ఆలోచించకూడదు. మొదటి రెండు మెట్ల మీద కాలు కొలత తీసేసుకుంటుంది. మూడో మెట్టు నుంచి కళ్ళకి సెలవు. ఇక మనిషి పక్కింటివాళ్ళ గురించో, పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన పాల గురించో ఆలోచించుకుంటూ నిశ్చింతగా పైకి పోవచ్చు. కాలు అంత నమ్మకం పెట్టుకున్నాక అరంగుళం తేడాతో దాన్ని మోసం చేసినవాడు మేస్త్రి కాడు, దొంగ.

ఈ సిద్ధాంతాన్ని ఆయన శాంతంగా చెప్పగా విన్నవాళ్ళు ఇంతవరకు లేరు. పనిలో ఎవరైనా మెట్టు తేడాగా పోస్తే ఒంటికాలి మీద లేస్తాడు. "ఇది మెట్టా, శత్రువుల కోసం తవ్విన గొయ్యా?" అని అరుస్తాడు. రసమట్టం తెచ్చి పెడతాడు. గాజుగొట్టంలో బుడగ సరిగ్గా మధ్యలో నిలబడినా నమ్మడు, దాన్ని కూడా ఉరిమి చూస్తాడు. తోటి మేస్త్రీలు ఆయనకి 'అంగుళం' అని పేరు పెట్టారు, వెనకాల పిలుచుకోవడానికి. ఆయన భార్యని ఒకసారి ఎవరో అడిగారట, మీ ఆయన కోపం ఎప్పుడు తగ్గుతుందమ్మా అని. "మెట్లు లేని ఇల్లు దొరికిన రోజున" అందట ఆవిడ.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ ఒక చిత్రకారిణి వచ్చి, ఒక మెట్టు తప్పుగా కట్టిపెట్టమని అడిగింది.

ఆవిడ చదివింది భవనాలు కట్టే చదువు. కట్టడం మానేసి భవనాల బొమ్మలు గీస్తోంది. ఒక పాత గోదాముకి సున్నం వేయించి ప్రదర్శన పెడుతోంది. గోడల నిండా మనిషి ఎత్తు కాగితాలు, వాటి మీద నల్లసిరాతో గీసిన ఇళ్ళు. మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన పెద్ద ఇంజనీరులా ఒక్కో బొమ్మ ముందూ ఆగాడు.

ఒక దాంట్లో ఇంటిని నిలువునా కోసి లోపలంతా చూపించారు. వంటగదికి నాలుగు కిటికీలున్నాయి, తలుపు లేదు.

"వండిన మనిషి బయటికి ఎలా వస్తుందమ్మా?"

"రాలేదు కదా" అంది చిత్రకారిణి.

ఈ జవాబు మేస్త్రికి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో తెలియకపోవడం అసలే నచ్చలేదు.

ఇంకో బొమ్మలో వీధిలోని ఇళ్ళన్నీ తీసేసి మెట్లు మాత్రం గాల్లో వదిలేసింది. మేస్త్రి వేలు చాపి లెక్కపెట్టాడు. నూట పన్నెండు. ఒక్కటి కూడా వెంట్రుకవాసి తేడా లేదు. పని తెలిసిన చెయ్యి! దాంతో ఆయనకి ఇంకా మండింది. చేతకాక తప్పు చేసేవాణ్ణి తిట్టి ఊరుకోవచ్చు, చేతనయి చేసేవాళ్ళని ఏం చేయాలి?

"ఈ గోడకి ఆనించి పద్నాలుగు మెట్లు కట్టాలి మేస్త్రి గారూ. పైన ఏమీ ఉండదు. తొమ్మిదోది మాత్రం మిగతావాటి కన్నా ఒక అంగుళం ఎత్తు రావాలి."

"ఎందుకట?"

"అక్కడికి వచ్చేసరికి మనిషికి తన కాలు గుర్తుకు రావాలి."

"కాలు గుర్తొచ్చేది విరిగాకనమ్మా!"

"ఎవరూ పడరు. కింద బోర్డు పెడతాను. ముందే చెప్పేస్తాను."

"తప్పు చేసి బోర్డు పెడితే ఒప్పయిపోతుందా? రేపు నేనూ కూలిపోయే గోడ కట్టి, 'ఇది కూలును, గమనించ ప్రార్థన' అని రాసి పెట్టనా?"

"పెట్టండి" అంది ఆవిడ, నవ్వకుండా. "చాలామంది రాయకుండానే కడుతున్నారు."

మేస్త్రి తాపీ సంచి భుజానికెత్తుకుని పోవలసింది. పోలేదు. తను పోతే ఇంకెవడో వచ్చి కడతాడు, వాడు అంగుళం అడిగితే రెండంగుళాలు చేస్తాడు అని తనకి తాను నచ్చజెప్పుకుని, రేపొస్తానన్నాడు.

ఇక్కడ ఆయన అక్క ఇంటి సంగతి చెప్పాలి.

ముప్పై ఏళ్ళ కిందట అక్కా బావా తమ ఇంటి మీద అంతస్తు వేసుకున్నారు. మెట్లు కట్టింది తమ్ముడే. అప్పటికి ఆయనకి ఇరవై ఆరేళ్ళు, సొంతంగా కట్టిన మొదటి మెట్లవి. కింద నేల నుంచి శ్లాబు దాకా కొలిచి, సమానంగా పంచి, ముచ్చటగా కట్టాడు. పైన నేల మీద రాతిపలకలు పరుస్తారని, వాటి మందం కూడా లెక్కలో వేసుకోవాలని మరిచిపోయాడు. పలకలు పరిచిన రోజు సాయంత్రం టేపు పెట్టి చూస్తే చివరి మెట్టు అంగుళంపావు ఎక్కువ వచ్చింది. సరిచేయాలంటే మొత్తం పగలగొట్టాలి. పగలగొట్టాలంటే ఎందుకో చెప్పాలి. బావ అప్పటికే పదిమందిని పిలిచి మా బావమరిది పనితనం చూడండని చూపించేశాడు. కాలే అలవాటు పడుతుందిలే అనుకుని మేస్త్రి టేపు చుట్టేశాడు.

నాలుగు నెలలకి అక్క ఆరిన బట్టల బుట్ట ఎత్తుకుని దిగుతూ ఆ మెట్టు మీంచే పడింది. కింది దాకా పడింది. తుంటి విరిగింది. అతుక్కుంది గానీ అప్పటి నుంచి ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని, డాక్టరుతో సహా, ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు: అక్కకి నడక మీద ధ్యాస లేదు. "నేల చూసి నడవదు, ఆకాశంలో ఏం పారేసుకుందో!" అన్నాడు బావ. అక్క కూడా అవునంది. "నా అడుగే అంతలే" అంది. మేస్త్రి ఆమె మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని అంతా విన్నాడు. మర్నాడు పనిలోకి పోయి, ఇంకెవరో కట్టిన మెట్ల మీద గొంతు చించుకుని అరిచాడు. సిద్ధాంతం ఆ రోజు పుట్టింది.

గోదాములో ఇటుక పని మూడు రోజుల్లో అయింది. తొమ్మిదో మెట్టు అంగుళం ఎత్తు, ఆవిడ గీసిచ్చిన కాగితంలో ఉన్నట్టే. చిత్రకారిణి స్వయంగా కొలుచుకుంది. రోజుకి పదిసార్లు ఎక్కి దిగి, అక్కడికి రాగానే కాలు ఎత్తి వేయడం అలవాటు చేసుకుంది. తర్వాత ఆవిడ పక్క గదిలో బొమ్మలు తగిలించే పనిలో పడింది. మెట్లకి సిమెంటు పూత వేయడం మిగిలింది.

మేస్త్రి పనితనమంతా అక్కడ చూపించాడు. కింది మెట్ల మీద పూత కాస్త దళసరిగా, తొమ్మిది నుంచి పైకి కాస్త పలచగా, ఎక్కడికక్కడ నూలుపోగంత పెంచుతూ తగ్గిస్తూ ఆ అంగుళాన్ని పద్నాలుగు మెట్లకీ పంచేశాడు. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఎవరినీ తిట్టలేదు.

ప్రదర్శన మొదలైన పొద్దున ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి ఒక మూల నిలబడ్డాడు. మెట్ల మొదట్లో బోర్డు ఉంది: 'తొమ్మిదో మెట్టు ఒక అంగుళం ఎత్తు ఎక్కువ. తెలిసి ఎక్కండి.'

జనం తెలిసే ఎక్కారు. ఒకావిడ తొమ్మిదో మెట్టు దగ్గర "అమ్మో" అంది. ఇంకొకాయన తూలి, తూలినందుకు సంతోషించాడు. పత్రికలో కళల గురించి రాసే పెద్దమనిషి ఆ మెట్టు మీద కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, "ఇక్కడ నా ఇల్లు నన్ను వదిలేసింది" అని ప్రకటించాడు. మెట్టు మాత్రం పాపం బల్లపరుపుగా, అటూ ఇటూ ఉన్న తోబుట్టువులతో సమానంగా, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. మేస్త్రి మీసంలో నవ్వుకున్నాడు.

అప్పుడు ఫొటో కోసం చిత్రకారిణిని మెట్లెక్కమన్నారు. ఆవిడ కాలికి బోర్డుతో పని లేదు. ఎనిమిది మెట్లు ఎక్కి, తొమ్మిదో దానికి అలవాటుగా అంగుళం ఎక్కువ ఎత్తి వేసింది. అక్కడ అంగుళం లేదు. పాదం దభాలున పడింది, ఒళ్ళు ముందుకు తూలింది, రెండు చేతులూ గోడకి వేసి ఆగింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆవిడ మెల్లిగా దిగి, టేపు తెచ్చి, ఎనిమిది, తొమ్మిది, పది కొలిచింది. మేస్త్రి ఉన్న మూలకి వచ్చింది.

"మార్చారు."

"సరిచేశాను."

"నాకు చెప్పలేదే?"

"చెబితే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను! పోట్లాడేదాన్ని. కావాలంటే పని మానేసి పోయేవారు, అదొక మర్యాద." ఆవిడ చేతిలోని టేపుతో బోర్డు వైపు చూపించింది. "నేను ఎత్తు మెట్టు పెట్టి, ఇంతింత అక్షరాలతో రాశాను. మీరు మంచి మెట్టు పెట్టి దాచారు. ఇందాక ఎవరైనా పడ్డారా? పడబోయింది నేనొక్కదాన్నే. ఎందుకు? మీరు కట్టిందాన్ని నమ్మాను కాబట్టి. ఎత్తు ఎవరినీ పడేయదు మేస్త్రి గారూ. చెప్పకపోవడం పడేస్తుంది."

మేస్త్రికి కోపం వచ్చింది. రావడం మామూలే, కానీ ఈసారి వచ్చింది ఆవిడ మీద కాదు. తన మీద వచ్చిన కోపాన్ని ఎలా అరవాలో ఆయనకి తెలియదు. ఇటుక పెళ్ళ మింగినవాడిలా గోదాములోంచి బయటికి నడిచి, నేరుగా అక్క ఇంటికి పోయాడు.

అక్క ముందుగదిలో పాత దుప్పటి అంచులు కత్తిరిస్తోంది.

"ఏరా, ఈ వేళప్పుడు? పనిలో ఎవరితోనైనా గొడవ పెట్టుకున్నావా?"

"అక్కా, పై మెట్టు అంగుళంపావు ఎత్తు."

"ఏ మెట్టు?"

"మన మెట్టే. నువ్వు పడ్డ మెట్టు. పలకల మందం లెక్కలో వేయడం మరిచిపోయాను."

కత్తెర ఆగింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

ఇంకేం అడిగినా బాగుండేది. "పలకలు పరిచిన రోజే."

"నేను పడక ముందా?"

"నాలుగు నెలలు ముందు."

అక్క ఏడుస్తుందనుకున్నాడు. దానికైతే దారి పొడవునా సిద్ధపడి వచ్చాడు. అక్క ఏడవలేదు. గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ముప్పై ఏళ్ళురా! నడక రానిదాన్నని ముప్పై ఏళ్ళు! మనవడు పుడితే నా చేతికి ఇచ్చారట్రా ఒక్కసారైనా? పడేస్తానని కూర్చోబెట్టి ఒళ్ళో పెట్టారు, బొమ్మ ఇచ్చినట్టు. వాళ్ళ మాట సరే. నేనూ నమ్మాను కదరా వెధవా! వాణ్ణెత్తుకుని ఒక్క అడుగు వేయడానికి నాకు నేనే ఒప్పుకోలేదు!"

"తప్పయిపోయింది అక్కా."

"నాతో కాదు. మీ బావతో చెప్పు."

బావ వెనకగదిలో పేపరు చదువుతున్నాడు. రెండేళ్ళుగా ఆయనకి చెవులు దాదాపు పనిచేయడం లేదు. మేస్త్రి ఆయన పక్కకి పోయి వంగి, చెవి దగ్గర, తన జన్మలో ఎన్నడూ మాట్లాడనంత మెత్తగా చెప్పాడు.

"ఆఁ?" అన్నాడు బావ.

"గట్టిగా చెప్పరా" అంది అక్క, గుమ్మంలోంచి. "ఊళ్ళోవాళ్ళ మెట్ల మీద అరుస్తావుగా, ఆ గొంతుతో చెప్పు."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "మెట్టు తప్పు బావా! నేను కట్టిన మెట్టు! అక్క అడుగు తప్పు కాదు!"

పక్కింటి కిటికీ తెరుచుకుంది. బావ పేపరు దించి, అక్క వంకా, మేస్త్రి వంకా మార్చి మార్చి చూశాడు.

"ఎవరి తప్పంటాడు?"

అక్క కుర్చీ లాక్కుని గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"మళ్ళీ చెప్పు" అంది.