సలోమి ఆంటీ, సీసంగారు, మా ఇత్తడి గిన్నె

పోయిన శనివారం ఒక స్నేహితురాలి ఇంట్లో పూజకి సాయం చేద్దామని వెళ్ళాను. వంటింట్లో అడుగుపెట్టగానే చింతపండుతో ఇత్తడి తోముతున్న వాసన వచ్చింది. అందరూ దేవుణ్ణి తలుచుకుంటున్న ఆ ఇంట్లో నేను మాత్రం సలోమి ఆంటీని తలుచుకుని నవ్వుకున్నాను. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఉండి ఉంటే ఈపాటికి ఆ గిన్నెలన్నీ తిరగేసి, లోపలి పూతని గోటితో గీకి, పూజారిగారితో సహా అందరికీ క్లాసు తీసుకునేవారు.

అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేవారు ఆంటీ. సొంతూరు బాపట్ల. కారు బ్యాటరీలు తయారుచేసే ఫ్యాక్టరీలో కెమిస్ట్‌గా పనిచేసి రిటైరయ్యారు. పనివాళ్ళ ఒంట్లోకి సీసం చేరకుండా చూడటం ఆవిడ ఉద్యోగం. ఆ లోహాన్ని మర్యాదగా ‘సీసంగారు’ అనేవారు. "మహా మెత్తనివారమ్మా. గోటితో గీస్తే గీత పడుతుంది, వంచితే వంగుతారు, కాస్త వేడి తగిలితే కరిగిపోతారు. అంత మంచివాళ్ళని ఇంట్లోకి రానివ్వకూడదు" అని పకపకా నవ్వేవారు. ఆదివారం తెలుగు చర్చి నుంచి వస్తూ మా ఇంట్లో కాఫీకి ఆగేవారు. కాఫీ చల్లారేలోపు మా పాప నోట్లో ఏం పెట్టుకుందో వేలు పెట్టి వెతికేవారు. అదంతా నాకు ఒట్టి చాదస్తంగా కనిపించేది.

పాపకి ఏడాది నిండాక మామూలుగా చేసే రక్తపరీక్ష చేశారు. సీసం ఎక్కువగా ఉందని డాక్టర్ ఫోన్ చేసింది. రెండోసారి చేసినా అదే ఫలితం. మందులు వేయాల్సినంత లేదు కానీ, ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి ఆపకపోతే ఎదిగే మెదడు మీద దెబ్బపడుతుంది అంది. పాతకాలపు ఇళ్ళలో గోడల రంగుల నుంచి వస్తుందట, మాదేమో కొత్త ఇల్లు. బొమ్మలన్నీ ఎత్తుకెళ్ళి చెత్తబుట్టలో పారేశాను. చివరికి ఏడుస్తూ ఆంటీ ఇంటికి పరుగెత్తాను. ఆవిడ చెప్పులు వేసుకుని నా వెంటే వచ్చేశారు.

"ఏడుపు తర్వాత. ముందు పిల్ల రోజంతా ఏం తింటుందో చెప్పు."

"పొద్దున ఇడ్లీ. మిగతా రెండు పూటలూ చారన్నమే. మా అత్తయ్య కాసే చారు తప్ప ఇంకేదీ పాప నోట్లో పెట్టనివ్వదు ఆంటీ."

"చారు దేంట్లో కాస్తున్నారు?"

ఆరునెలలు ఉండడానికి ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య గర్వంగా ఒక ఇత్తడి గిన్నె తెచ్చి చూపించారు. "వచ్చే ముందే కళాయి పెట్టించి తెచ్చానండీ. ఇందులో చారు రుచే వేరు."

పులుపు తగిలి ఇత్తడి చిలుమెక్కకుండా లోపల తగరంతో వేసే పూతే కళాయి. ఆంటీ ఒక తెల్లకాగితాన్ని ఆ పూత మీద గట్టిగా రుద్దారు. పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి చార పడింది. "తగరం ఖరీదని కొందరు సీసం కలిపేస్తారు. చింతపండు పులుపులో సీసంగారు హాయిగా దిగిపోతారు. ఇది అనుమానమే, ల్యాబ్‌కి పంపి కన్ఫర్మ్ చేసుకుందాం. అప్పటిదాకా దీన్ని ముట్టుకోకండి" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా పిల్లకి రెండు పూటలా విషం పోశారు అత్తయ్యా!" అని అరిచాను. ఆవిడ స్టవ్ ఆపేసి గదిలోకి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి వంటింట్లోకి రాలేదు, పాపని ఎత్తుకోవడం కూడా మానేశారు.

వారం తిరక్కుండానే ల్యాబ్ వాళ్ళు ఆ పూతలో సీసం ఉందని తేల్చారు. రిపోర్ట్ చూశాక ఆంటీ నన్ను డ్రైవ్‌వేలోకి తీసుకెళ్ళి నెమ్మదిగా అడిగారు. "ఈ గిన్నె తెమ్మన్నది ఎవరు?"

నాన్‌స్టిక్ మంచిది కాదని వాట్సాప్‌లో చదివి, కళాయి గిన్నె తెచ్చి తీరాలని పట్టుబట్టింది నేనే. ఆ మాట మా ఆయన రఘుకి నేను చెప్పలేదు. అత్తయ్య కూడా కొడుక్కి చెప్పలేదు. నేను తల దించుకున్నాను.

ఆంటీ తిడతారనుకున్నాను. ఆవిడ తన సంగతి ఎత్తారు. "డ్యూటీ బూట్లు ఇంటికి వేసుకెళ్ళకండి, దుమ్ములో సీసం ఉంటుంది అని ఫ్యాక్టరీలో అందరి ప్రాణం తీసేదాన్ని. లేటయిందని ఒకరోజు, మర్చిపోయి ఒకరోజు, నేనే వేసుకొచ్చేదాన్ని. మా అబ్బాయి ఆ కార్పెట్ మీదే పాకేవాడు. వాడి రిపోర్ట్ వచ్చినప్పుడు ఏం చేశానో తెలుసా? ఇల్లు సరిగ్గా క్లీన్ చెయ్యలేదని మా ఆయన్ని తిట్టాను. పాపం, ఆయన మూడు రోజులు ఇల్లంతా తుడుస్తూనే ఉన్నాడు. నిజం చెప్పడానికి నాకు ఆ మూడు రోజులూ పట్టింది."

"ఇప్పుడు మీ అబ్బాయి..."

"లాయర్. నోరు పెద్దది. దానికి సీసంగారి పూచీ లేదులే, అది నా పోలిక." ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళబోతుంటే వెనక నుంచి కేకేశారు. "పిల్లకి పాలూ పెరుగూ, ఐరన్ ఉన్న తిండీ బాగా పెట్టు. కాల్షియం తక్కువైతే ఒళ్ళు సీసాన్ని ఇంకా ఎక్కువ లాక్కుంటుంది."

ఆ రోజు భోజనాల దగ్గర రఘుకి చెప్పేశాను. గిన్నె కావాలన్నది నేనని, అనవసరంగా అత్తయ్య మీద అరిచానని. అత్తయ్య కంచం వైపే చూస్తూ, "అడిగింది నువ్వయినా, కలిపి పెట్టింది నా చేత్తోనే కదమ్మా" అన్నారు. లేచి వెళ్ళి పాపని ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టాను. మర్నాడు స్టీలు గిన్నెలో చారు కాగింది. తర్వాతి పరీక్షల్లో సీసం తగ్గుతూ వచ్చింది. మొదటి మంచి రిపోర్ట్‌ని ఆంటీ దేవుడు చేసిన మేలంటూ చర్చిలో సాక్ష్యంగా చెప్పి చప్పట్లు కొట్టించారట! పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. లెక్కల్లో నన్ను వెక్కిరిస్తుంది.

నాకు ఇప్పటికీ భయం వేస్తే కోపమే ముందొస్తుంది. నోరు జారబోయే ముందు ఇందులో నా పాత్ర ఎంతో చూసుకుంటున్నాను. ప్రతిసారీ కాదు, చాలాసార్లు.

ఆంటీ పోయిన రోజు అత్తయ్యకి ఫోన్ చేశాను. "ఆవిడే లేకపోతే నేను మళ్ళీ మీ గడప తొక్కేదాన్ని కాదమ్మా" అన్నారు. అత్తయ్య మళ్ళీ రాకూడదనుకున్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఏటా డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌లో సామాను బండి తోసుకుంటూ అత్తయ్య బయటికి వస్తుంటే ఆ మాటే గుర్తొస్తుంది. పరుగెత్తుకెళ్ళి బండి అందుకుంటాను.